పిన్ని టేపు, నాన్న బీటు

నేను లావెక్కానని ముందుగా కనిపెట్టింది మా ఆఫీసున్న సాల్ట్ లేక్‌లో జాకెట్లు కుట్టే ఒక బెంగాలీ దాదా. ఇక్కడ దాదా అంటే అన్నయ్య, రౌడీ కాదు. ఆఫీసులో నా పక్క కుర్చీ అమ్మాయి పెళ్ళి కుదిరింది. ఆ పెళ్ళి కోసం చీర కొని, మేము పెరిగిన పాత మునిసిపాలిటీ క్వార్టర్స్‌లో పిన్ని చేత జాకెట్టు కొలతలు తీయించుకుని, కాగితం మీద రాసి ఆయనకిచ్చాను. వారానికి జాకెట్టు వచ్చింది. మొదటి హుక్కు పడింది. రెండోది పడాలంటే ఊపిరి వదలాలి. మూడోది పడాలంటే ప్రాణం వదలాలి. "దీదీ, మిష్టి కాస్త తగ్గించండి" అన్నాడు దాదా, మిఠాయిలు మాన్పించే డాక్టర్లా మొహం పెట్టి. నేను నమ్మాను. మూడు వారాలు రాత్రిపూట అన్నం మానేసి కీరదోసకాయలు నమిలాను. నా మొహం పీక్కుపోయింది గానీ జాకెట్టు మాత్రం జాలిపడలేదు. చివరికి పెళ్ళికి చుడీదార్‌లో వెళ్ళొచ్చి, ఆ జాకెట్టు కుట్లు విప్పించడానికి మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాను. ఈసారి తన టేపుతో తానే కొలిచాడు. "ముప్పైఅయిదుంబావు. మీరు రాసిచ్చింది ముప్పైనాలుగు. ఎవరు తీశారండీ ఈ కొలతలు?" మా పిన్ని అన్నాను. "అయితే మార్చాల్సింది మిమ్మల్ని కాదు దీదీ, పిన్నిగారి టేపుని" అన్నాడు.

పిన్ని మాకు సొంత పిన్ని కాదు, పక్క క్వార్టరు పిన్ని. మెటియాబ్రుజ్ దర్జీ కార్ఖానాల నుంచి బట్టల మూటలు తెచ్చుకుని, ఇంట్లోనే బొత్తాలు, కాజాలు కుట్టి ఇచ్చేది. మధ్యలో మా అందరికీ జాకెట్లు, గౌన్లు. నాన్న రిటైరయ్యాక మేము క్వార్టరు ఖాళీ చేసి వెనక సందులోకి మారాం. పిన్ని కొడుక్కి నాన్న చేసిన ఉద్యోగమే కాబట్టి ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఆ ఆదివారం ఒక ఇనప టేపు కొనుక్కుని వెళ్ళాను. పిన్ని గుడ్డ టేపు ఎప్పుడూ ఉండే చోటే ఉంది, తలుపు పక్కన మేకుకి. దాని కింది కొసకి ఆవిడ పెద్ద కత్తెర వేలాడుతోంది. టేపు ముడతలు పడకుండా, కత్తెర పిల్లల చేతికి అందకుండా, ఒకే మేకుతో రెండు పనులు. నా చిన్నప్పటినుంచీ అంతే. ఉతికి, పిండి, తడి టేపుకే కత్తెర కట్టి వదిలేసేది. నేను దాన్ని విప్పి, నేల మీద ఇనప టేపు పక్కన పరిచాను. గుడ్డ టేపులో నూటయాభై దగ్గర ఇనప టేపు నూటయాభైయ్యారు అంది.

"పిన్నీ, నీ టేపు ఆరు సెంటీమీటర్లు సాగిపోయింది."

"ఓలమ్మ! నా టేపు అబద్దమాడిందేటే? ఇన్నేళ్ళు కుట్టినాను, నా జాకెట్టు ఒక్కటి ఎవులికైనా ఒదులయ్యిందేటి? బిగుసైనాదేటి?"

అవలేదు. అందులోనే ఉంది మాయంతా. కొలిచేదీ ఆ టేపే, గుడ్డ కత్తిరించేదీ ఆ టేపే. రెండు చోట్లా ఒకే తప్పు, కాబట్టి బట్టలు అచ్చంగా సరిపోయేవి. ఆ గోడల మధ్య ఉన్నంతకాలం ఆ టేపంత నిజాయితీపరురాలు లేదు. నాకు నవ్వొచ్చింది. పిన్ని కూడా నవ్వింది. తర్వాత నా నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకంటే ఆరో తరగతిలో ఉండగా ఆ టేపుతో నేనొక రోడ్డు కొలిచాను.

మా ఇంట్లో తెల్లవారడం అంటే వెలుతురు రావడం కాదు, వాసన రావడం. ముందు తరవాణి పులుపు, తర్వాత నాన్న చొక్కాలోని బ్లీచింగ్ పౌడరు, ఆపైన నది వైపునుంచి బురద, డీజిలు. నాన్న రోడ్లు ఊడ్చేవాడు. శ్రీకాకుళం వైపునుంచి తాతయ్య అదే పనికి ఈ బెంగాలీల ఊరికి వచ్చాడు, ఆయన చీపురు నాన్న చేతికొచ్చింది. కొందరికి పొలాలొస్తాయి. నాన్న చీకటితోనే లేచి, గోడవైపు తిరిగి కూర్చుని, గంజిలో పులిసిన అన్నం చేత్తో పిసికి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేవాడు. తరవాణి కుండ మూలన ఇసక మీద ఉండేది. రోజూ కొంచెం తీయడం, రోజూ కొంచెం పోయడం. కుండ ఎన్నిసార్లు మారినా లోపలి పులుపు మాత్రం నాన్నమ్మ రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినదేనని అమ్మ చెప్పేది. స్టేషన్లో దిగినప్పుడు టికెట్టు బాబు "అందులో ఏముంది" అని మూత తీసి చూసి, వెంటనే మూత పెట్టేసి, టికెట్టు కూడా అడగలేదట. మా వంశంలో చెప్పుకోదగ్గ వీరగాథ ఇదొక్కటే.

నేను చదివింది తెలుగు బడి. సైన్సు చెప్పే టీచరుగారి భర్త బ్యాంకులో ఆఫీసరు, బదిలీ మీద వచ్చారు. ఆవిడ తెలుగు రేడియోలో వార్తల్లా ఉండేది. మాది మూలన పడేసిన రేడియోలా ఉండేది. ఆ ఏడాది వరసగా మూడు పాఠాలు. ఆహారంలో పోషకాలు, మార్పులు, కొలతలు. పోషకాల పాఠం అయ్యాక ఆవిడ అందరికీ తలా ఒక కార్డు ఇచ్చి, ఇంటి దగ్గర ఎత్తు కొలిచి రాసుకు రమ్మన్నారు. మా క్వార్టర్స్‌లో ఉన్న టేపు ఒక్కటే. ఆడపిల్లలం ఏడుగురం పిన్ని గుమ్మానికి వీపు ఆనించి వరసగా నిలబడ్డాం. నాది నూటముప్పైయ్యేడు. టీచరుగారు మా ఏడు కార్డులూ పట్టికతో పోల్చి, ఎర్ర సిరాతో ఒకటే మాట రాశారు: పోషకాహార లోపం. అప్పటికి నేను ఆఖరి బెంచీలో కూర్చునేదాన్ని. నేను ముందు కూర్చుంటే వెనకవాళ్ళకి బోర్డు కనపడదని ఆ టీచరుగారే నన్ను అక్కడ కూర్చోబెట్టారు. ఆ మనిషి, ఆ పొడుగు పిల్లకి వయసుకు తగ్గ ఎత్తు లేదని కార్డు మీద తేల్చేస్తూ ఒక్కసారి తలెత్తి నన్ను చూడలేదు. నేనూ నన్ను చూసుకోలేదు. కార్డులో ఉంటే ఉన్నట్టే. నా ఎత్తులో అయిదు సెంటీమీటర్ల పైనే టేపు మింగేసిందని అప్పుడెవరికి తెలుసు.

అమ్మని పిలిపించారు. అమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చి, బల్ల ముందు నిలబడింది.

"పిల్లకు ఉదయం ఏం పెడుతున్నారమ్మా?"

"తరవాణి అన్నం, అమ్మగారూ."

"అంటే? పాచిపోయిన అన్నమా?"

"పాసిపోయింది కాదండి. పులిసింది."

"అదే కదమ్మా నేనంటున్నది. పాలు, గుడ్డు, పప్పు పెట్టాలి. మాంసకృత్తులు లేకపోతే ఎముకలు ఎదగవు. మీ క్వార్టర్స్ పిల్లలందరూ ఇంతే."

అమ్మ సరేనంది. ఇంటికొచ్చి, తరవాణి కుండ రెండు చేతులా ఎత్తి, వీధి కాలువలో బోర్లించింది. నాన్నమ్మ రాష్ట్రాలు దాటించి తెచ్చిన పులుపు అర నిమిషంలో కాలువలో కలిసి, కాలువ ఒక్క పూట మంచి వాసన వేసింది. మర్నాటి నుంచి నాన్న టీ తాగి, బిస్కెట్టు తిని రోడ్డు మీదకి వెళ్ళాడు. "నోటికి బాగున్నాది, కడుపుకే తెలవట్లేదు" అన్నాడు ఒక్కసారి. అమ్మ ఆయన వైపు చూసిన చూపుకి మళ్ళీ అనలేదు. మొన్న మా ఆఫీసు క్యాంటీనులో పులియబెట్టిన అన్నం గాజు గిన్నెలో పోసి, పైన దానిమ్మ గింజలు చల్లి, కడుపుకి మంచిదని బోర్డు పెట్టారు. నేను ఆ బోర్డు ముందు ఎంతసేపు నిలబడ్డానంటే సెక్యూరిటీ అతను వచ్చి, మేడమ్ ఒంట్లో బాగుందా అని అడిగాడు. బాగుంది, కోపం వస్తోంది అన్నాను. మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

మార్పుల పాఠంలో టీచరుగారు రబ్బరు బ్యాండు లాగి వదిలారు. ఇది మళ్ళీ మొదటికొస్తుంది. కాగితం కాల్చారు. ఇది రాదు. మంచు, నీళ్ళు ఒక వైపు, పిండి, రొట్టె ఇంకో వైపు. బోర్డుకి నిలువునా గీత గీసి రెండు జాబితాలు. రోజూ వెంట్రుకవాసి సాగుతూ, ఎవరి కంటా పడకుండా, మొదటికి రాకుండా పోయేవి ఏ జాబితాలో రాయాలో ఆవిడా చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆవిడకి పరీక్ష దగ్గర పడింది, మాకు ఆటల పీరియడు దగ్గర పడింది.

కొలతల పాఠం వచ్చేసరికి నాన్నకి కష్టం వచ్చింది. తెల్లారి ఆఫీసు ముంగిట్లో అందరి పేర్లు పిలిచి, ఎవరు ఏ రోడ్డు ఊడ్వాలో చెప్పే ఆయన్ని మావాళ్ళు హాజరీబాబు అనేవారు. కొత్తగా ఒకాయన వచ్చాడు. ఒక్కొక్కరికి పంచిన రోడ్డుని బీటు అంటారు. నాన్న బీటు పాత ట్రామ్ పట్టాల మలుపు దగ్గర మొదలై రేషన్ షాపు దగ్గర ఆగేది. కొత్తాయన దాన్ని చేపల బజారు అవతల దాకా లాగాడు. పొలుసులు, తడి గోనెలు, పగిలిన థర్మాకోల్ పెట్టెలు అన్నీ అదనం. ఆఫీసు గోడ మీద అంటించిన కాగితంలో, బీటు ఆరువందల మీటర్లు దాటితే రెండో మనిషిని ఇవ్వాలని రాసి ఉండేది. నాన్న వెళ్ళి, ఇది దాటింది బాబూ అన్నాడు. ఎలా తెలుసు అన్నాడాయన. అడుగులు లెక్కేశాను అన్నాడు నాన్న. అందరూ నవ్వారు. అప్పుడు నాన్న చేసిన తప్పు ఏమిటంటే, నా గురించి గొప్పలు చెప్పాడు. "మా గుంట సైన్సు సదువుతున్నాది. అది కొలిసి రాసిస్తాది."

అలా నేనూ నాన్నా ఒక తెల్లవారుజామున పిన్ని టేపు పట్టుకుని రోడ్డు మీదకి వెళ్ళాం. సున్నా కొస నాన్న పట్టుకున్నాడు. రెండో కొస నాది. నేను సుద్దముక్కతో గీత గీయడం, నాన్న ఆ గీత మీదకి సున్నా తేవడం, ప్రతి పదికీ నోటుబుక్కులో ఒక గీత. వంగి వంగి మా ఇద్దరి నడుములూ పడిపోయాయి. చేపల బజారు చివరికి మూడువందల తొంభైనాలుగు టేపులు. గుణించాను. అయిదువందల తొంభైఒకటి.

"తప్పు" అన్నాడు నాన్న.

"తప్పు కాదు నాన్నా. రెండుసార్లు గుణించాను."

"నా కాలికి తెల్సే. ఆరొందలు దాటింది."

"ఒక్కొక్కరి అడుగు ఒక్కోలా ఉంటుంది. అందుకే అడుగులతో, జానలతో కొలవకూడదు. పుస్తకంలో ఉంది. టేపుకి అందరూ ఒకటే."

నాన్నకి అంకెలు చదవడం వచ్చు, అక్షరాలు రావు. పుస్తకంలో ఉంది అంటే ఆయనకి ఇక తిరుగులేదు. నా సైన్సు పుస్తకానికి సిమెంటు సంచీ కాగితంతో అట్ట వేసింది ఆయనే. కాసేపు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు, అవి తనని మోసం చేసినట్టు. "అయితే రాయి" అన్నాడు. రాశాను. ఒక్క కొట్టివేత లేకుండా, గుండ్రటి అక్షరాలతో, కింద నా పేరు, తరగతి, రోల్ నంబరు కూడా.

ముంగిట్లో యాభైమంది ముందు హాజరీబాబు ఆ కాగితం పైకెత్తి చదివాడు. "అయిదువందల తొంభైఒకటి! నీ కూతురే రాసిందిగా? బాః, ఎంత నిజాయితీ. అంటే నీకు ఇంకా తొమ్మిది మీటర్లు కలపొచ్చు." మళ్ళీ నవ్వులు. నన్ను దగ్గరికి పిలిచి తల నిమిరి, జేబులోంచి నారింజ బిళ్ళ తీసి ఇచ్చాడు. నాన్న చేతులు కట్టుకుని "భూల్ హోయే గేఛే, బాబు" అన్నాడు. తప్పయిపోయింది బాబూ అని. నాన్న బెంగాలీ అంతంతమాత్రం, ఆ ముక్క మాత్రం చక్కగా వచ్చింది. నేను ఆ బిళ్ళ తిన్నాను. ఇన్నేళ్ళలో నేను నన్ను చాలా విషయాల్లో క్షమించుకున్నాను గానీ, ఆ బిళ్ళ బాగుందని ఇప్పటికీ గుర్తుండటాన్ని మాత్రం క్షమించలేను.

రిటైరయ్యేదాకా నాన్న ఆ రోడ్డంతా ఒక్కడే ఊడ్చాడు. కుడి భుజం పైకి లేవడం మానేసింది. ఇప్పుడు తల ఎడమచేత్తో దువ్వుకుంటాడు, పాపిడి ఎప్పుడూ వంకరే. ఇన్నేళ్ళూ ఆయన నమ్మింది ఒకటే, రోడ్డు సరిగ్గానే ఉంది, తన ఒళ్ళే బద్ధకిస్తోందని. పిన్ని ఇంటి గచ్చు మీద కూర్చుని ఫోనులో మూడువందల తొంభైనాలుగుని నూటయాభైయ్యారుతో గుణించి, ఆరువందల పద్నాలుగు మీటర్లు దాటడం చూసినప్పుడు నాకు వచ్చిన కోపం పిన్ని మీద కాదు. కత్తెర మీదా కాదు. ఆ ఆఫీసు అలమరాలో ఇనప టేపు ఉంది. నేను చూశాను. ఆ రోజు బిళ్ళ కోసం ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా అది ఆయన వెనకే ఉంది, పసుపుపచ్చ డబ్బాలో. ఒక్కసారి దాన్ని తీసి రోడ్డు మీద పరచడానికి అంత పెద్ద ఆఫీసుకి తీరిక లేకపోయింది. పదకొండేళ్ళ పిల్ల నోటుబుక్కు కాగితం మాత్రం వాళ్ళకి సాక్ష్యంగా సరిపోయింది. తప్పు లెక్క నాది, దాన్ని వాడుకున్న ఆనందం వాళ్ళది. ఇప్పుడు సాల్ట్ లేక్‌లో నేను చేసే ఉద్యోగం ఏమిటంటే, మనుషులు కుర్చీలో ఎన్ని నిమిషాలున్నారో కొలిచే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. అంటే నేనూ హాజరీబాబునే, కాకపోతే ఏసీలో. మా టీములో ఎవరైనా "మిషను చెబితే కరెక్టే" అంటే, వాళ్ళ చేత రెండుసార్లు కొలిపించి, మూడోసారి నేను కొలుస్తాను. నన్ను చాదస్తం అంటారు. అననీ.

ఆ ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న బఠాణీలు ఒలుస్తున్నాడు.

"నాన్నా, నీ బీటు ఆరొందలు దాటింది."

చేతులు ఆగాయి. "ఎవులు కొలిసినారు?"

"నేనే. లెక్క కట్టాను. పిన్ని టేపు సాగిపోయింది, అందుకే అప్పుడు తక్కువొచ్చింది."

"అప్పుడూ నువ్వే కొలిసినావు కదే."

నేనూ ఒక బఠాణీ కాయ అందుకుని ఒలిచాను. వంటింట్లోంచి అమ్మ "టేపు సాగిపోనాదా? అయితే నా కుండ?" అంది. నాన్న బఠాణీల పళ్ళెం పక్కన పెట్టి, లేచి, ఎడమ చెయ్యి చాపాడు. "ఆ ఇనప టేపు తే. రేపు తెల్లారి ఎల్దాం. ఈపాలి సున్నా నువ్వు పట్టుకో, అంకె నాను సూస్తాను."

వెళ్ళాం. ఝర్ణ అనే అమ్మాయి, నా వయసుదే ఉంటుంది, ఇప్పుడు ఆ బీటు ఊడుస్తోంది. ఒక్కతే. మేము టేపు పరుస్తుంటే విసుక్కుని, "కాళ్ళు తియ్యండి, నాకు చేపల బజారు దాకా ఉంది" అంది. నాన్న కాళ్ళు తీశాడు. నూటఇరవైరెండు టేపులు, పైన నాలుగున్నర మీటర్లు. అయిదు మీటర్ల టేపు అది. ఈసారి గుణకారం కూడా నాన్నే వేళ్ళ మీద చేశాడు, నన్ను నోరెత్తనివ్వలేదు. ఆరువందల పద్నాలుగున్నర. పిన్ని టేపు సాగాల్సిందంతా నా చిన్నప్పటికే సాగిపోయిందన్నమాట. కాగితం రాయనా అని అడిగాను. "వొద్దు. నాను కాగితంతో అన్లేదు. నోటితో అన్నాను. ఎక్కడన్నానో అక్కడే అనాల."

మర్నాడు హాజరు వేళకి ఆ ముంగిట్లో నిలబడ్డాం. ఇప్పటి హాజరీబాబు కుర్రాడు, పేర్లన్నీ ఫోనులోనే. "కాకా, మీ పేరు లిస్టులో లేదే" అన్నాడు, బెంగాలీలో బాబాయ్ అని పిలుస్తూ, ఫోను చూస్తూనే.

"లేదు బాబు, రిటైరైపోయాను." నాన్న తన వంకర బెంగాలీలో ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ అన్నాడు. "చాలా ఏళ్ళ కిందట ఇక్కడ నిలబడి తప్పయిపోయింది అన్నాను. నాది తప్పు కాదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చేపల బజారు బీటు ఆరువందల పద్నాలుగున్నర మీటర్లు. ఒక్క మనిషిది కాదు."

సినిమాలో అయితే ఇక్కడ అందరూ లేచి నిలబడతారు. ఇక్కడ అందరూ ముందే నిలబడి ఉన్నారు, టీ తాగుతూ. ఎవరో దగ్గారు. "ఈ వయసులో ఎందుకు కాకా ఇవన్నీ, వెళ్ళి విశ్రాంతి తీసుకోండి" అన్నాడు కుర్రాడు, తర్వాతి పేరు వెతుక్కుంటూ.

"ఎంతన్నావు కాకా?" వెనకనుంచి ఝర్ణ.

"ఆరువందల పద్నాలుగున్నర."

"మళ్ళీ అను. బాబుకి వినపడేలా."

నాన్న మళ్ళీ అన్నాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు. ఝర్ణ జనం మధ్యలోంచి ముందుకొచ్చి, తన చీపురు హాజరు బల్ల మీద, సరిగ్గా ఆ ఫోను ముందు పెట్టింది. "రెండో చీపురు ఎవరిదో చెప్పండి, అప్పుడు తీస్తాను" అంది.

కుర్రాడు తలెత్తాడు.